శ్రామికుని ఒంటిమీది పరికరం: ఇత్తడి బిళ్ల నుంచి స్మార్ట్ వాచ్ దాకా

గత భాగంలో కృష్ణా డెల్టాకు కాలువలు, రైలు మార్గాలు వచ్చిన తరువాత కూలి మీద బతికే శ్రామిక వర్గం ఇక్కడ ఎలా ఏర్పడిందో చదివారు. ఈ భాగంలో ఆ శ్రామికుని ఒంటిమీద ఏ వస్తువులు ఉండేవో, ఇప్పుడు ఏవి వచ్చి చేరుతున్నాయో చూద్దాం. చేతి గడియారం గుండె కొట్టుకోవడాన్ని లెక్కబెడుతుంది, మనిషి పడిపోతే తానే ఫోను చేస్తుంది. వయసు మీరిన కార్మికుల ఆరోగ్యాన్ని, భద్రతను ఇలాంటి పరికరాలతో కాపాడవచ్చునని అమ్మేవాళ్లు, కొనేవాళ్లు కూడా చెబుతున్నారు. పరికరం సరిగా పనిచేస్తుందా లేదా అన్నది ముందుగా ఇంజనీర్లు, డాక్టర్లు తేల్చవలసిన విషయం. చరిత్ర విద్యార్థులుగా మీరు ఇంకొక ప్రశ్న వేయాలి. ఒంటిమీద ఉన్న ఆ వస్తువు ఎవరితో మాట్లాడుతుంది? మోసే మనిషితోనా, అతనికి పని ఇచ్చే మనిషితోనా? ఈ ప్రశ్న గడియారాలతో పుట్టినది కాదు. విజయవాడలో దానికి నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది.

ఇత్తడి బిళ్ల

డెల్టా పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ 'బిళ్ల బంట్రోతు' అనే మాట వాడుతుంటారు. కచేరీ నౌకరు భుజం మీదుగా ఒక పట్టీ, దాని పేరు డవాలు. డవాలు మీద ఇత్తడి బిళ్ల. ఆ బిళ్లను చూసి జనం పక్కకు తప్పుకునేవారు. అతని జీతం ఎంత, ఇంట్లో తిండి ఉందా లేదా అన్నది బిళ్ల చెప్పదు. ఈ మనిషి ఫలానా కచేరీకి చెందినవాడు అని మాత్రమే చెబుతుంది.

రైలు వచ్చాక బిళ్లలు పెరిగాయి. 1889లో నిజాం రైలు మార్గం బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన ప్రారంభమైంది. ఊరు జంక్షన్ అయింది. జంక్షన్ అన్నాక సామాను, సామాను ఉన్నచోట కూలీ. లైసెన్సు పొందిన రైల్వే కూలీ చేతికి నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఉంటుంది. కూలీ ఎక్కువ అడిగినా, పెట్టె పోయినా ప్రయాణికుడు ఫిర్యాదు చేయడానికి ఆ నంబరు ఉపయోగపడుతుంది. అంటే బిళ్ల స్టేషను మాస్టరుతోనూ, ప్రయాణికునితోనూ మాట్లాడుతుంది. మోసేవాని నడుము నొప్పి గురించి దానికి తెలియదు.

అయినా కూలీకి బిళ్ల మీద మమకారం ఎక్కువ. కారణం ఏమిటంటే, వయసు మీరి మోయలేని కూలీ తన బిళ్లను కొడుకు పేరుకో, దగ్గరి బంధువు పేరుకో మార్పించుకునే పద్ధతి రైల్వేలో ఉంది. పింఛను లేని మనిషికి ఆ ఇత్తడి ముక్కే ముసలితనపు ఆస్తి. యజమాని తన సౌకర్యం కోసం తగిలించిన వస్తువును శ్రామికుడు తన హక్కుగా మలచుకున్నాడన్న మాట. దీన్ని గుర్తుంచుకోండి, తరువాత అవసరం పడుతుంది. 2008-09 రైల్వే బడ్జెటులో అప్పటి మంత్రి లాలూ ప్రసాద్ యాదవ్ లైసెన్సు కూలీలను గ్యాంగ్‌మన్ వంటి ఉద్యోగాల్లోకి తీసుకుంటామని ప్రకటించారు. ప్లాట్‌ఫారం మీద బరువు మోసిన చేతులు కొన్ని అలా పట్టాల మీది పనికి వెళ్లాయి. వాళ్లను మళ్లీ కలుసుకుంటాం.

గని దీపం

బిళ్లకు పూర్తిగా భిన్నమైన వస్తువు కోసం కొంతసేపు డెల్టా దాటి గనుల్లోకి వెళ్లాలి. ఇంగ్లండులో 1812లో ఫెల్లింగ్ బొగ్గు గనిలో వాయువు పేలి 92 మంది చనిపోయారు. ఆ తరువాత 1815లో హంఫ్రీ డేవీ సన్నని లోహపు జాలి చుట్టిన దీపాన్ని తయారు చేశాడు. అదే కాలంలో జార్జ్ స్టీఫెన్సన్ కూడా వేరొక దీపాన్ని చేశాడు. ముందెవరు అన్న తగాదా చాలాకాలం నడిచింది. ఈ దీపం వెలుతురు ఇవ్వడమే కాదు, గాలిలో మండే వాయువు చేరితే దాని మంట ఆకారం, రంగు మారుతాయి. ఆ మార్పును మొట్టమొదట చూసేవాడు దీపం పట్టుకున్న మనిషే. మేనేజరు చూసి, ఆలోచించి, కబురు పంపే దాకా అతను ఆగనక్కరలేదు.

మరి ప్రమాదాలు తగ్గాయా? ఆశించినంతగా తగ్గలేదు. వాయువు ఎక్కువని వదిలేసిన పొరల్లోకి, 'ఇప్పుడు దీపం ఉంది కదా' అని యజమానులు మనుషులను తిరిగి దింపారు. భద్రత కోసం వచ్చిన పరికరమే ఎక్కువ ప్రమాదమున్న పనికి అనుమతి పత్రమైంది. నా ఉద్దేశంలో శ్రామిక భద్రత చరిత్రలో ఇంతకంటె ముఖ్యమైన ఉదాహరణ మరొకటి లేదు. మే నెల మధ్యాహ్నం 'గడియారం కట్టాం కదా, ఎండలో పనిచేయండి' అని ఎవరైనా అంటే మీకు డేవీ దీపం గుర్తుకు రావాలి.

మన వైపు 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉనికిని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. సింగరేణి కాలరీస్‌కు మూలం అదే. గనుల్లో ల్యాంప్ రూమ్ అనే గది ఉంటుంది. దిగేవాడు తన నంబరు టోకెను ఇచ్చి దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక దీపం ఇచ్చి టోకెను తీసుకుంటాడు. షిఫ్టు ముగిశాక ఒక దీపం తిరిగి రాలేదంటే ఒక మనిషి లోపల ఉన్నాడని అర్థం. ఇక్కడ బిళ్ల, దీపం ఒకే చోట కలిశాయి. హాజరు లెక్క కూడా అదే, ప్రాణం లెక్క కూడా అదే. కాబట్టి యజమానికి సమాచారం చేరడమే తప్పని అనుకోకండి. ఎందుకోసం చేరుతున్నది, చేరాక ఏం చేస్తారు అన్నది చూడాలి.

ముసలివాడంటే ఎవరు?

'వయసు మీరిన కార్మికుడు' అనే మాటను ఇంతవరకు నిర్వచించకుండా వాడాను. చెప్పడం అంత సులువు కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసునే తీసుకోండి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం దాన్ని 58 నుంచి 55కు తగ్గించింది. ఒక్క ఉత్తర్వుతో వేలమంది ముసలివాళ్లయిపోయారు. పెద్ద గొడవ జరిగింది, కోర్టులదాకా వెళ్లింది, తరువాత మళ్లీ 58 అయింది. రాష్ట్ర విభజన జరిగిన 2014లో 60, 2022లో 62. నలభై ఏళ్లలో మనిషి శరీరం ఏమీ మారలేదు. ఖజానా లెక్కలు, రాజకీయ అవసరాలు మారాయి.

ఇది నెల జీతగాళ్ల సంగతి. విజయవాడ వన్‌టౌన్‌లో, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో బస్తాలు మోసే ముఠా కార్మికునికి పదవీ విరమణ వయసు ఎవరూ రాయలేదు. డెల్టాలో ధాన్యం బస్తా 75 కిలోలు. అది ఎత్తలేని రోజు వచ్చినప్పుడు అతను ముసలివాడవుతాడు. ఆటోనగర్ షెడ్డులో వెల్డరుకు చూపు మందగించిన రోజు, నాట్లు వేసే మనిషికి మోకాళ్లు వంగని రోజు. చరిత్రలో ఎక్కువమంది శ్రామికులకు వయసు ఇలాగే తెలిసింది. తన శరీరం లోపలి సంగతి బయటపడటమంటే ఈ మనిషికి ఎందుకు భయమో ఇప్పుడు మీకు తెలుస్తుంది. బీపీ ఉందని మేస్త్రీకి తెలిస్తే రేపటి పిలుపు ఉండకపోవచ్చు. ఆరోగ్యాన్ని కొలిచే ఏ పరికరమైనా ముందు ఈ భయాన్ని దాటాలి.

పట్టాల మీద రెండు పరికరాలు

ఇక మళ్లీ జంక్షనుకు వద్దాం. పట్టాల వెంట రోజూ కిలోమీటర్ల కొద్దీ నడిచి, వదులైన తాళాలను సుత్తితో బిగించే మనిషి కీమాన్. వానాకాలం రాత్రులు లైను కాపలా తిరిగేవాడు పెట్రోల్‌మన్. పాత రోజుల్లో పెట్రోల్‌మన్ దగ్గర లాంతరు, జెండాలు, ప్రమాదంలో రైలును ఆపడానికి పట్టా మీద పెట్టే టపాకాయలు, వాటితోపాటు ఒక పుస్తకం ఉండేవి. నిద్రపోకుండా నడిచాడనడానికి సాక్ష్యంగా చేరిన ప్రతి చోటా ఆ పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. అంటే దీపం, బిళ్ల రెండూ అతని దగ్గర ఉన్నట్టే.

ఈ పని ఎంత ప్రమాదకరమో అనిల్ కకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన రైల్వే భద్రతా సంఘం 2012లో చెప్పింది. 2007-08 నుంచి 2011 అక్టోబరు వరకు విధి నిర్వహణలో చనిపోయిన రైల్వే ఉద్యోగులు దాదాపు 1,600 మంది. పట్టాల మీద పనిచేసే మనిషి చెవి మీదే బతుకుతాడు. వెనుక నుంచి వచ్చే రైలు చప్పుడు వినాలి. విద్యుత్ ఇంజన్లు వచ్చాక ఆ చప్పుడు తగ్గింది, రైలు వేగం పెరిగింది. యాభై దాటిన మనిషికి, అందులోనూ ఏళ్ల తరబడి సుత్తి దెబ్బల మోతలో పనిచేసినవానికి, వినికిడి తగ్గుతుంది. ఈ మూడూ ఒకేచోట కలిసినప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి.

దీనికి జవాబుగా రైల్వే తెచ్చిన పరికరం పేరు 'రక్షక్'. స్టేషను నుంచి రైలు బయలుదేరగానే రేడియో తరంగాల ద్వారా సంకేతం వెళుతుంది. ట్రాక్‌మన్ ఒంటిమీది చిన్న పరికరం మోగుతుంది, వెలుగుతుంది, వణుకుతుంది. చెవి సరిగా వినపడని మనిషికి ఆ వణుకే ముఖ్యం. ఇది డేవీ దీపం జాతికి చెందినది. ప్రమాదం సంగతి ముందు ప్రమాదంలో ఉన్నవానికే చెబుతుంది. ఇంకొకటి, కీమాన్‌లకు, పెట్రోల్‌మన్‌లకు ఇచ్చే జీపీఎస్ ట్రాకర్. మనిషి ఎంత దూరం నడిచాడు, ఎక్కడ ఆగాడు అన్నది అధికారి తెర మీద కనిపిస్తుంది. ఇది పాత సంతకాల పుస్తకానికి వారసురాలు. అలాగని దానిలో మేలు లేదనలేం. పట్టా విరిగిందని తెలపడానికి, ఆపదలో సహాయం కోరడానికి దానిలో మీట కూడా ఉంటుంది. కాని రెండు పరికరాలూ ఒకే ఒంటిమీద ఉన్నప్పుడు, రెండింటినీ 'భద్రత' అనే ఒక్క పేరుతో పిలవడం నాకు సమ్మతం కాదు.

ట్రాకర్ ఒక్కటే కట్టినప్పుడు ఏమవుతుందో ఇతర నగరాల్లో చూశాం. నాగపూర్‌లోనూ, ఆ తరువాత 2020లో చండీగఢ్‌లోనూ పారిశుద్ధ్య కార్మికుల చేతికి జీపీఎస్ గడియారాలు కట్టించారు. చార్జింగు అయిపోతే జీతం కోస్తారేమో, మరుగుదొడ్డికి వెళ్లినా చూస్తున్నారేమో అని కార్మికులు భయపడ్డారు, నిరసన తెలిపారు. ఇత్తడి బిళ్లను రైల్వే కూలీ సొంతం చేసుకున్నట్టు ఈ గడియారాన్ని ఎవరూ సొంతం చేసుకోలేదు. సొంతం చేసుకోవడానికి దానిలో వాళ్ల కోసం ఏముంది?

రైల్వేలో ఇంకొక సంగతి ఉంది, అది పరికరాలకంటె విలువైనది. సిబ్బందికి నిర్ణీత కాలంలో వైద్య పరీక్షలు చేస్తారు. రైలు నడిపే సిబ్బంది వంటివారికి వయసు పెరిగేకొద్దీ ఆ పరీక్షలు దగ్గర దగ్గరగా వస్తాయి. పరీక్షలో తప్పిన మనిషిని ఇంటికి పంపకుండా అదే జీతంతో వేరే పనిలో పెట్టాలన్నది నియమం. ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగినవారిని తొలగించరాదని 1995 నాటి వికలాంగుల చట్టంలోని 47వ సెక్షను చెప్పింది, 2016 చట్టం కూడా దాన్ని నిలిపింది. కాని 2016 చట్టంలో ఈ రక్షణ ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవారికే. ముఠా కార్మికుడు, షెడ్డు వెల్డరు దీని నీడలోకి రారు.

ఎక్స్‌రే గది బిళ్ల

సూర్యారావుపేట ఆసుపత్రుల్లో ఎక్స్‌రే తీసే టెక్నీషియన్ ఛాతీ దగ్గర ఒక చిన్న బిళ్ల ఉంటుంది. చాలామంది దాన్ని గుర్తింపు కార్డు అనుకుంటారు. అది ఒంటికి సోకిన రేడియేషన్‌ను నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి. దీని పూర్వరూపం 1940వ దశకంలో అమెరికా అణుబాంబు ప్రాజెక్టులో వాడిన ఫిల్ము బ్యాడ్జి. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం ఈ పద్ధతిని అభివృద్ధి చేసింది.

దీని నడక చూడండి. ఎక్స్‌రే విభాగాల్లో సాధారణంగా మూడు నెలలకొకసారి బిళ్ల గుర్తింపు పొందిన ప్రయోగశాలకు వెళుతుంది. అక్కడ చదివిన లెక్క ఆసుపత్రి యజమాని దిద్దగలిగేది కాదు. ఎంతవరకు సోకవచ్చునో ముందే నియమం ఉంది: ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఉద్యోగం మారినా పాత లెక్క కొత్త చోటికి వెంట వస్తుంది. ముప్ఫై ఏళ్ల పనిలో ఒంట్లో చేరిన మొత్తం ఎంతో వయసు మీరిన టెక్నీషియన్ చూపించగలడు. బిళ్లను ఎక్స్‌రే గదిలోనే మరచిపోతే లెక్క తప్పుతుందనుకోండి, అది వేరే సంగతి. స్మార్ట్ వాచ్ గురించి ఇన్ని మాటలు చెప్పేవాళ్లు ఎనభై ఏళ్ల నాటి ఈ బిళ్ల పద్ధతిని ఎందుకు చూడరో నాకు ఆశ్చర్యం.

ఎండ

బెజవాడను 'బ్లేజువాడ' అని ఎగతాళి చేయడం పాత అలవాటే. ఎగతాళి కాని సంగతి ఏమిటంటే 2015 మే నెల వడగాడ్పుల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యికి పైగా మనుషులు పోయారు. వాళ్లలో వృద్ధులు, ఆరుబయట పనిచేసేవాళ్లు ఎక్కువని అప్పటి వార్తలన్నీ చెప్పాయి. వయసు పెరిగితే చెమట తక్కువ పడుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. పైగా డెల్టా గాలిలో తేమ ఎక్కువ, పట్టిన చెమట కూడా ఆరదు.

ఇక్కడ గడియారం ఉపయోగపడుతుందని చెబుతారు. కొంత నిజమే. మనిషి పడిపోతే గుర్తించే సదుపాయం 2018లో ఆపిల్ గడియారంలో వచ్చింది. 65 దాటినవారికి అది తనంతట తానే పనిచేసేలా పెట్టారు. ఒంటరిగా పనిచేసే వాచ్‌మన్‌కు ఇది మేలు. కాని ఎండదెబ్బ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. గుండె వేగం హద్దు దాటిందని హెచ్చరించడానికి చాలా పరికరాలు వాడే లెక్క '220లోంచి వయసు తీసివేత'. 1970ల నుంచి ప్రచారంలో ఉన్న మోటు లెక్క ఇది. అరవై ఏళ్ల మనిషికి 160 అంటుంది. అసలు హద్దు మనిషికీ మనిషికీ పది, పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వేసుకునే మనిషి గుండె ఎండలో కూడా వేగంగా కొట్టుకోదు, కాబట్టి గడియారం మౌనంగా ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరికరాలు నల్లని చర్మం ఉన్నవారిలో ఉన్నదానికంటె ఎక్కువ చూపించవచ్చునని 2020లో అమెరికా ఆసుపత్రుల పరిశీలన బయటపెట్టింది. అంటే పరికరం ఎక్కువగా తప్పేది వయసు మీరిన, మందులు వాడే, ఎండకు నల్లబడిన మనిషి దగ్గరే.

ఇంకొక దారి ఉంది. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో కుర్రవాళ్లు ఎండకు కుప్పకూలుతుంటే యాగ్లూ, మినార్డ్ అనే పరిశోధకులు వేడి, తేమ, ఎండ తాపం మూడింటినీ కలిపి కొలిచే సూచికను తయారు చేశారు. దాన్ని మనిషికి కట్టరు, పనిచేసే చోట పెడతారు. సూచిక హద్దు దాటితే అందరూ ఆగుతారు. ఒక్క ముసలివాని గడియారం మోగి, అతనొక్కడే నీడకు వెళ్లి, అతని కూలి ఒక్కటే తెగే పద్ధతికీ దీనికీ తేడా ఎంతో మీరే చూడండి. బస్తా బరువు తగ్గించడం కూడా ఇలాంటిదే. నడుము ఎంత వంగిందో కొలిచే పట్టీ కంటె 75 కిలోలను 50 చేయడం చౌక.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. నలభై దాటిన కార్మికులకు యజమాని ఏటా ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలని ప్రభుత్వం అప్పుడు ప్రకటించింది. వయసును బట్టి కార్మికునికి హక్కు ఇవ్వడం మంచి మార్పే. అదే స్మృతిలో విద్యుత్తు వాడే ఫ్యాక్టరీ అంటే పదిమంది కాదు, ఇరవై మంది ఉండాలని నిర్వచనం మారింది. నలుగురైదుగురితో నడిచే ఆటోనగర్ షెడ్డు 1948 ఫ్యాక్టరీల చట్టానికీ అందలేదు, దీనికీ అందదు. ఇక గడియారం పోగుచేసే సమాచారం సంగతి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్యోగ సంబంధమైన కొన్ని అవసరాలకు కార్మికుని సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవడానికి యజమానికి వీలు ఇచ్చింది. గుండె లెక్క ఆ అవసరాల్లోకి వస్తుందా రాదా అన్నది రేపు కోర్టుల్లో తేలవలసినదే. ఎక్స్‌రే బిళ్లకు ఉన్న మూడు కట్టుబాట్లు, అంటే బయటి ప్రయోగశాల, ముందే రాసిన హద్దు, మనిషి వెంట వచ్చే లెక్క, స్మార్ట్ వాచ్‌కు ఇంకా ఏ చట్టమూ పెట్టలేదు.

అభ్యాసం

మీ ఊళ్లో యాభై ఐదు దాటి ఇంకా ఒంటి కష్టం చేస్తున్న ఒక మనిషితో మాట్లాడండి. ముఠా కార్మికుడు, కీమాన్, కాలువ లస్కరు, మిల్లు కూలి, నాట్లు వేసే ఆమె, ఎవరైనా సరే. పనిలో ఒంటిమీద ఇప్పటిదాకా ఏమేం ధరించారో మొదటి రోజు నుంచి అడిగి రాయండి. తలపాగా, గోనెపట్టా, బిళ్ల, టోకెను, హెల్మెట్, ఫోను, ఏదీ వదలవద్దు. ఒక్కొక్క వస్తువును ఎవరు కొన్నారో, పోతే ఎవరు డబ్బు కట్టారో తప్పకుండా అడగండి. ఒంట్లో బాగోలేదని మేస్త్రీకో యజమానికో చెప్పిన రోజు ఉంటే, మరునాడు ఏమైందో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పేరు రాయవద్దు.